ఎదురు మునుం

శ్రుతి రెండోసారి గూడ ఫెయిలైందని ఫోనొచ్చినప్పుడు ఈదమ్మ సీడు పత్తి చేన్ల నడుమ ఉన్నది. ఎడమచేతిల మగపువ్వులు నిండిన గిన్నె, కుడిచేతిల ఒక పువ్వు. నిన్న సాయంత్రం గిల్లి మగకేసరాలు తీసిపెట్టిన మొగ్గలకు పొద్దు నడినెత్తికి రాకముందే పుప్పొడి ముట్టియ్యాలె. ముట్టియ్యకపోతే ఆ మొగ్గ అట్లనే రాలిపోతది. అందుకే ఈ రెండు నెలలు ధరూర్ దిక్కు ఏ ఆడమనిషిని పలకరించినా తలెత్తదు. ఈదమ్మ మాత్రం గిన్నె కింద పెట్టి, కొంగుతోని చెయ్యి తుడుచుకొని ఫోన్ చెవుకు పెట్టుకున్నది.

"అవ్వా," అన్నది శ్రుతి. తర్వాత ఫోన్ల మగగొంతు ఇనిపించింది.

"నేను మహిపాల్‌ను మాట్లాడుతున్న అమ్మా. పీటీ సార్‌ను. ఇరవై రెండేండ్లు మిలిటరీల చేసిన. నీ మనుమరాలి గురించి ఒక ముచ్చట అడగాలె."

వనపర్తి అవతల ఉన్న ఆ కాలేజీ మిలిటరీల చేరే ఆడపిల్లలను తయారుచేసేది. ఇంటర్ సదువు సదువే, కసరత్తు కసరత్తే. చేరిన మూడు నెలలల్ల మూడు తాపలు పరీక్ష పెడతరు. పుష్‌అప్‌లు, కడ్డీకి వేలాడుడు, తొమ్మిదడుగుల గుంత దుంకుడు, ఆఖరికి గ్రౌండు చుట్టు నాలుగు రౌండ్లు ఉరుకుడు. పదహారు వందల మీటర్లు, ఎనిమిది నిమిషాలు. మూడోసారి గూడ దాటకపోతే పేరు కొట్టేసి మామూలు కాలేజీకి పంపుతరు.

"నీ పిల్లకు బలం లేక కాదమ్మా," అన్నడు మహిపాల్ సార్. "అన్నిట్ల ముందే ఉంటది. ఉరుకుడుల గూడ మూడు రౌండ్లు మొదటి అయిదుగుర్ల ఉంటది. నాలుగో రౌండ్ల ఎనకకు చూస్తది. పద్మజ అని ఒక పిల్ల ఉన్నది, ఉప్పునుంతల దిక్కుది. దానికి దమ్ము సరిపోదు. ఇది ఆగి, దాని చెయ్యి పట్టుకొని గుంజుకొస్తది. ఇద్దరూ ఫెయిల్. రెండు తాపలు గిట్లనే. తిట్టిన, బుజ్జగిచ్చిన. 'పక్కదాన్ని ఇడిసి ఎట్ల పోత సార్' అంటది. వచ్చే ఆదివారం ఆఖరి పరీక్ష. మీ ఇంట్ల దీనికి గిట్ల ఎవలు నేర్పిన్రమ్మా?"

ఎవలు నేర్పిన్రో ఈదమ్మకు తెల్సు. "నేనొస్త సారూ," అని ఫోన్ పెట్టేసింది. గిన్నె తీసుకున్నది గానీ చాలాసేపటి దాక ఏ పువ్వు ఏ మొగ్గకు ముట్టిచ్చిందో ఆమెకే తెల్వదు.

నేర్పింది ఈదమ్మనే. శ్రుతి అమ్మానాయినలు పుణె దిక్కు మట్టిపనికి పోతే ఆ పిల్ల అవ్వ కొంగు పట్టుకొనే పెరిగింది. ఏడేండ్లప్పుడు మొదటిసారి పల్లిచేన్ల కలుపుకు తీసుకపోయింది. ఆడోళ్లంత వరుసగ మునుం పట్టిన్రు. ఒక్కొక్కరికి రెండు సాళ్లు, అందరూ ఒక్క తీరుగ ముందుకు జరగాలె. శ్రుతి చిన్న చేతులు చకచక ఆడిచ్చుకుంట అందరికంటె ముందు గట్టు ముట్టి, కుండల నీళ్లు ముంచుకొని నవ్వుకుంట కూసున్నది. మెచ్చుకుంటరనుకున్నది. ఈదమ్మ వచ్చి చేతి మీద ఒక్కటేసింది.

"పక్క మునుందాన్ని నడుమల ఇడిసిపెట్టి ఒక్కదానివే గట్టెక్కి ఏం జేస్తవే? దెయ్యంలెక్క కూసుంటవా?"

ఆ దెబ్బ ఎనక ఒక కథ ఉన్నది. సాయన్న, అంటె శ్రుతి నాయిన, కడుపుల ఉన్నప్పుడు ఈదమ్మకు ఎనిమిదో నెల. వంగితే లేవరాదు, లేస్తే వంగరాదు. పనికి రాకపోతే గడవదు. ఎడమ మునుం కిష్టమ్మది. కిష్టమ్మ ఏమీ అనలేదు. తన సాలుల రెండు కొడవలి ఏట్లు, ఈదమ్మ సాలుల ఒక్క ఏటు, గట్ల వేసుకుంట పోయింది, పొద్దు గూకేదాక, పదిహేను దినాలు. సాయన్న నెలలు నిండి పుట్టిండంటె ఆ కొడవలి ఏట్లతోనే పుట్టిండని ఈదమ్మ ఇప్పటికీ అనుకుంటది.

మరి అదే మాట ఇయ్యాల ఆ పిల్లకు అడ్డం పడుతుండె. పేరు కొట్టేస్తే శ్రుతి ఇంటికొస్తది. ఇంటికొస్తే కాలేజీ పేరుకే. మొగ్గలొచ్చినయంటె రెండు నెలలు చేన్లనే. పదో తరగతి దాక ఏటా గట్లనే అయింది. సీడు కంపెనీ ఆర్గనైజర్ బండేసుకొని ఇంటి ముందుకొచ్చి "పిల్లను పంపు పెద్దమ్మా, చిన్న చేతులకైతే మొగ్గ చెడదు" అంటె కాదనేటోళ్లు లేకుండిరి. ఆ కాలేజీ గేటు లోపలికి మాత్రం ఏ బండీ రాదు. ఈ ఏడు పత్తి పూసింది, శ్రుతి చేన్ల లేదు. అది మొదటిసారి.

ఆదివారం పొద్దు పొడవకముందే షేర్ ఆటోల గద్వాల, ఆడికెళ్లి బస్సుల పెబ్బేరు మీదికెళ్లి వనపర్తి. సంచిల సద్దరొట్టెలు, పల్లీల పొడి. శనివారం సాయంత్రం మొగ్గలు గిల్లలేదు. గిల్లితే పొద్దున ముట్టిచ్చేటోళ్లు ఎవలు?

రాత్రి వాన పడి గ్రౌండు తడిగ ఉన్నదని పరీక్ష తొమ్మిదిదాక ఆపిన్రు. పిల్లలను కలిసేటందుకు వచ్చినోళ్లంత రేకుల షెడ్డు కింద కూసున్నరు. శ్రుతి వచ్చింది. ఎంబడి ఇంకో పిల్ల. సన్నగ, పుల్లలెక్క ఉన్నది గానీ నోరు ఊకుంటలేదు.

"అవ్వా, నేనే పద్మజను. నీ మనుమరాలు గుంజి గుంజి నా కుడిచెయ్యి జానెడు పొడుగైంది, చూడు. అంగీ చేతులు సరిపోతలేవు."

"నీ నోరు గూడ అదే గుంజిందా?" అన్నది ఈదమ్మ.

"నోరు పుట్టంగనే గింత ఉండె." పద్మజ రొట్టె తుంచి నోట్ల పెట్టుకున్నది. "మా అమ్మ మక్కచేన్లకు పోయింది, రాదు. నువ్వే మా ఇద్దరికీ అవ్వవు ఇయ్యాల."

"నిండ తినకు, ఉరికేటప్పుడు పట్టేస్తది," అన్నది శ్రుతి.

"ఒక్క ముక్కనే. ఫెయిలైతే మళ్ల ఈ రొట్టె ఎవలు పెడతరు నాకు?"

నవ్వుకుంటనే అన్నది. ఎవరికీ నవ్వు రాలేదు.

ఈదమ్మ చెయ్యి కడుక్కునే సాకుతోని శ్రుతిని నల్లా దగ్గరికి తీసుకపోయింది. నీళ్లు ఇడిసి, ఆ సప్పుడుల మెల్లగ అన్నది.

"నా మొకం చూడు. ఇయ్యాల ఎనకకు చూడకు."

శ్రుతి మొకం చూసింది. "నువ్వేనా చెప్పేది?"

"నేనే."

"చిన్నప్పుడు కొట్టింది నువ్వే గద అవ్వా. నా చేతి మీద."

"కొట్టిన. మునుంల ఇంకోటి గూడ ఉంటదని చెప్పలేదా? పక్కదాన్ని అందుకునేటందుకు రెండు తొవ్వలు. ఒకటి పక్కనే ఉండి తీసుడు. ఇంకోటి ముందు నీ గట్టు నువ్వు ముట్టి, మళ్ల తిరిగి దాని సాలు ఆ కొసకెల్లి పట్టుకొని ఎదురు వచ్చుడు. ఎదురు మునుం. ఇద్దరూ నడుమ కలుస్తరు. అది గూడ ఇడిసిపెట్టినట్టు కాదు. గట్టు ముట్టు, ఆ తర్వాత దాని ఎదురు పో."

శ్రుతి నీళ్ల దిక్కు చూసుకుంట నిలబడ్డది. "చేన్ల ఐతే పొద్దు గూకేదాక ఉంటది అవ్వా. ఈడ ఎనిమిది నిమిషాలే. నేను గట్టు ముట్టి ఎదురు పోయేటాల్లకు దాని టైం అయిపోతది గద?"

"అయితదో కాదో నాకేం తెల్సు? నేను సదువుకున్నదాన్నా?"

ఈదమ్మకు తెల్సు. పొద్దు ఏ కొమ్మ మీదికొస్తే ఎన్ని మొగ్గలు మిగిలినయో చెప్పే మనిషికి ఎనిమిది నిమిషాలు తెల్వకుండ ఉంటయా? డెబ్భై ఏండ్లల్ల సదువు రాదనే మాటను ఎన్నడూ అడ్డం పెట్టుకోలేదు. ఇయ్యాల పెట్టుకున్నది. నల్లా కట్టేసింది.

తొమ్మిదింటికి విజిలేసిన్రు. ముప్పై నాలుగు మంది ఆడపిల్లలు ఉరికిన్రు. ఎర్రమట్టి తడికి బూట్లకు అంటుకొని లేస్తున్నది. ఈదమ్మ తీగల కంచెను రెండు చేతులతోని పట్టుకొని నిలబడ్డది. మొదటి రౌండ్ల పద్మజ శ్రుతి పక్కనే ఉన్నది. రెండో రౌండ్ల పది గజాలు ఎనక. మూడో రౌండ్ల ముప్పై. పిల్ల నోరు తెరిచి దమ్ము గుంజుకుంటుంటె ఈదమ్మకు ఈడికి ఇనిపిస్తున్నట్టే అయింది.

నాలుగో రౌండు. గ్రౌండు అవతలి మూలమలుపు దగ్గర శ్రుతి కాళ్లు నెమ్మదైనయి. మెడ తిరిగింది.

"ఒద్దు బిడ్డా," అన్నది ఈదమ్మ నోట్లనే.

శ్రుతి ఆగినంత పనిచేసి చెయ్యి ఎనకకు చాపింది. పద్మజ దగ్గరికొచ్చింది. వచ్చి ఆ చెయ్యి పట్టుకోలేదు. తన కుడిచెయ్యి నడుముకు కట్టిన బెల్టుల దోపుకున్నది. ఏందో అన్నది, దూరానికి ఇనరాలేదు. శ్రుతి ఇంకో రెండడుగులు ఆమె పక్కనే ఉరికింది. పద్మజ మళ్ల ఏందో అన్నది, ఈసారి గట్టిగ, మొకమంత తిప్పి.

శ్రుతి ముందుకు తిరిగింది. గట్ల ఉరకంగ ఈదమ్మ ఆ పిల్లను ఎన్నడూ చూడలేదు. ఏడ్చుకుంట ఉరికింది.

"ఏడు యాభై ఆరు!" అని మహిపాల్ సార్ అరిచిండు.

గీత దాటిన శ్రుతి నిలబడలేదు. మోకాళ్ల మీద చేతులు పెట్టుకోలేదు. తిరిగి, వచ్చిన తొవ్వనే ఎదురు ఉరికింది. సార్ "ఏయ్!" అన్నడు, మళ్ల ఊకున్నడు. ఇద్దరూ నడుమ కలిసిన్రు. శ్రుతి చెయ్యి పట్టలేదు, పక్కన మాత్రం ఉన్నది. ఇద్దరూ కలిసి గీత మీదికి వచ్చేటాల్లకు గడియారం ఎనిమిది నిమిషాల ముప్పై ఒకటి చూపిస్తున్నది. సార్ కాగితం మీద రాసిండు. రాసేటప్పుడు ఎవరి మొకం చూడలేదు.

పద్మజ గడ్డిల పండుకొని ఆకాశం చూసింది. శ్రుతి పక్కన కూసొని ఆమె బూట్ల దారాలు ఇప్పింది. నోరు ఊకోని పిల్ల ఊకున్నది.

మధ్యాహ్నం ఈదమ్మ సార్ దగ్గరికి పోయింది. "సారూ, ఆ పిల్లను ఎవలు తీసుకపోతరు?"

"వాళ్లమ్మకు ఫోన్ చేసినం. రేపు మాపటికి వస్తదట."

"రేపు మాపటిదాక అందరూ డ్రెస్సులేసుకొని పోతుంటె పెట్టె పక్కన పెట్టుకొని చూసుకుంట కూసోవాల్నా? నేను తోలుకపోత. వాళ్లమ్మను అడుగు."

"నీది గద్వాల దిక్కు. అది ఉప్పునుంతల. రెండు బస్సులు మారాలె, ఇయ్యాల తిరిగి రాలేవమ్మా."

"రాను. ఆళ్లింట్లనే పండుకుంట. పెట్టనంటరా గింత బువ్వ?"

సార్ ఫోన్ కలిపిండు. ఆ తల్లి ఏమన్నదో గానీ ఫోన్ ఈదమ్మ చేతికిస్తే చాలాసేపు ఏడుపే ఇనిపించింది. రిజిస్టర్ల ఈదమ్మ వేలిముద్ర వేసింది. తర్వాత ఊరికి, కిష్టమ్మకు ఫోన్ చేసింది.

"నేను రేపటికి గూడ రాను. నా సాళ్లు జర చూడే."

"ఇయ్యాల మాపటికి మొగ్గలు నేను గిల్లుత గద," అన్నది కిష్టమ్మ అవతలికెళ్లి. "నువ్వు రావని నాకు తెల్వదా? పిల్ల పాసా?"

"పాసే."

"మరి గొంతు గట్లున్నదేంది?"

"వచ్చినంక చెప్త."

గేటు దాక శ్రుతి పెట్టె మోసుకొచ్చింది. గేటు దాటనియ్యరు. పద్మజను పట్టుకొని నిలబడ్డది, ఇడిసింది, మళ్ల పట్టుకున్నది. అవ్వ దిక్కు చూసింది. ఆ చూపుల కోపమున్నదో, దండమున్నదో ఈదమ్మ ఇప్పి చూసుకోలేదు. పెట్టె నెత్తి మీదికెత్తుకొని నడిసింది.

బస్టాండుల బిజినేపల్లి మీదికెళ్లి నాగర్‌కర్నూల్ పోయే బస్సు నిలబడి ఉన్నది. పద్మజ అప్పటికి నోరు తెరిచింది.

"అవ్వా, నువ్వెందుకు నా ఎంబడి తిప్పలు పడుతున్నవ్? నీ పిల్ల పాసైంది గద."

ఈదమ్మ పెట్టె దించింది. "దాన్ని ఎనకకు చూడొద్దన్నది నేనే బిడ్డా. నల్లా కాడ."

"తెల్సు. ఇనిపించింది. నీ గొంతు చిన్నగైతదా?" పద్మజ కండ్లు తుడుచుకున్నది. "అది ఇనకుండ చెయ్యి చాపింది. 'నీ చెయ్యి పట్టుకుంటె నేను మా అమ్మ దగ్గర తలెత్తను, పో' అన్న. రెండోసారి తిట్టిన. ఏం తిట్టిన్నో నీకు చెప్ప."

బస్సు కదిలేటట్టు ఉన్నది. పద్మజ పెట్టె లోపలికి నూకి ముందు తనెక్కింది. మెట్టు ఎత్తుగ ఉన్నది. ఈదమ్మ ఒక కాలు పైన పెట్టి, మోకాలు లేవక, కడ్డీ పట్టుకొని ఆగింది.

పద్మజ ఎనకకు తిరిగి, వంగి, కుడిచెయ్యి చాపింది.

"పట్టుకో అవ్వా. ఎట్లైనా జానెడు పొడుగే ఉన్నది."