పన్ను లోపలి మనిషి

పెళ్లయిన కొత్తలో పళ్ల డాక్టరుకి తన భార్య బొమ్మలు వేస్తుందని మాత్రమే తెలుసు. ఎలాంటి బొమ్మలో తెలియదు. పువ్వులు, కొండలు, మహా అయితే ఓ నెమలి అనుకున్నాడు. కాపురానికి వచ్చిన నెలలోనే ఆమె వాళ్ల మంచం బొమ్మ వేసింది. మంచం కోళ్లకి వేళ్లు మొలిచి, గచ్చు పగలగొట్టుకుని భూమిలోకి దిగిపోయాయి. దిండు మీద ఓ చేప కళ్లు తెరుచుకుని నిద్రపోతోంది.

డాక్టరు దాన్ని చాలాసేపు చూసి, "దీనికి రోజూ నీళ్లు పోయాలా?" అని అడిగాడు.

"మీరే పోయండి. మీ వైపు కోడే బాగా ఎండిపోయింది," అంది ఆమె.

ఆ దెబ్బతో ఒకరి సంగతి ఒకరికి తెలిసిపోయింది. తర్వాత కాపురం సాఫీగానే సాగింది.

కింద ముందు గదిలో ఆయన ఆసుపత్రి. పైన ఉత్తరం కిటికీ ఉన్న గదిలో ఆమె బొమ్మలు. ఆసుపత్రి వెనక తలుపు తీస్తే మెట్లు. మెట్ల మలుపు దగ్గర చిన్న గదిలో అత్తగారు. "పైనుంచి టర్పెంటైను, కిందినుంచి లవంగ నూనె. నా ముక్కు అడకత్తెరలో పోకచెక్క అయిపోయింది," అనేది ఆవిడ. ఆవిడ కట్టుడు పళ్లు కొడుకు చేసినవే. వాటితో ఆయన్నే చీవాట్లు పెట్టడంలో ఆవిడకో తృప్తి ఉండేది.

ఆ రోజుల్లో కోడలి బొమ్మల్ని ఎవరూ పట్టించుకునేవారు కాదు. ఇలాంటి వాటిని అధివాస్తవిక చిత్రాలంటారని, కలలో మాదిరిగా ఒకదానికొకటి పొంతన లేని వస్తువుల్ని ఒకచోట చేరుస్తారని ఆమె అత్తగారికి ఓపిగ్గా చెప్పింది. ఆవిడ అంతా విని, "మీ మామగారి బీరువా కూడా అచ్చం అలాగే ఉండేది. దానికి మేమెవరం పేరు పెట్టలేదు," అంది.

ఒక గాలివానకి ఆసుపత్రి ముందున్న తుప్పు బోర్డు ఊడి కిందపడింది. బోర్డులు రాసే ఆయన చెయ్యి విరిగి కట్టుతో ఉన్నాడు. డాక్టరు వేరే దారి లేక మెట్లెక్కి, గుమ్మం బయటే నిలబడ్డాడు. టర్పెంటైను వాసన తగిలితే ఆయనకి తుమ్ములు ఆగవు.

"ఒక్క పన్ను. తెల్లగా. కింద నా పేరు, వేళలు. అంతే."

"ఏ పన్ను?"

"ఏదైతేనేం? పన్నంటే పన్నే."

"అలా అంటే ఎలాగండీ. మనిషిని చూడకుండా బొమ్మ ఎలా వెయ్యను?"

మర్నాడు పీకిన ఓ దవడపన్నుని కడిగి ఆరబెట్టి, గాజుసీసాలో వేసి పైకి పంపాడు. ఆమె దాన్ని కిటికీలో పెట్టుకుని, రేకు మీద ఎనామిల్ రంగులతో కొన్నాళ్లు కుస్తీ పట్టింది.

బోర్డు కిందికి దిగిన రోజున డాక్టరు చేతిలో పళ్లెంతో అలాగే నిలబడిపోయాడు. పన్ను ఉంది. తెల్లగానే ఉంది. కాని సముద్రపు ఒడ్డున నిలబడి ఉంది. దాని రెండు వేళ్లూ రెండు కాళ్లయి, వాటికి నల్లబూట్లు ఉన్నాయి. ఒక బూటు తాడు ఊడి ఇసకలో ఈడ్చుకుంటోంది. పంటి నడుమ ఓరగా తెరిచిన చిన్న తలుపు, అందులోంచి బయటికి పడుతున్న పచ్చటి వెలుతురు. పేరు, వేళలు మాత్రం గుండ్రటి అక్షరాల్లో ఒక్క తప్పు లేకుండా ఉన్నాయి.

"పంటికి తలుపెందుకు?"

"లోపలికి వెళ్లాలిగా."

"ఎవరు?"

"మీరే. పొద్దున లేచిన దగ్గర్నుంచీ మీరు చేసే పని అదేగా."

అత్తగారు మెట్ల మలుపు నుంచి వంగి చూసి, "బావుందిరా. ఆ తాడు మాత్రం కట్టించు. కాలికి తగులుకుని పడితే మళ్లీ నీ దగ్గరికే రావాలి," అంది.

ఇంకొకటి రాయించేదాకా ఉండనిద్దామని డాక్టరు దాన్నే మేకులు కొట్టి తగిలించాడు. మొదటి వారంలో ఒకాయన అరిగిన బూట్లు తెచ్చి కొత్త అడుగులు వెయ్యమన్నాడు. ఇంకొకాయన గుమ్మం దాకా వచ్చి, బోర్డుని ఎగాదిగా చూసి, నొప్పి తగ్గిపోయిందని చెప్పి వెనక్కి తిరిగాడు.

"నీ బోర్డుకి వైద్యం కూడా వచ్చినట్టుంది. ఇక నా అవసరం లేదు," అన్నాడు డాక్టరు భోజనాల దగ్గర.

ఆ తర్వాత వచ్చాడు పోలీసు ఇన్‌స్పెక్టరు. మనిషి గుమ్మంలో పట్టడు. ఆయన మీసం చూస్తేనే దొంగలు నిజం కక్కేస్తారని పేరు. ఆ మీసం కింద ఒక పన్ను పుచ్చిపోయింది. కుర్చీలో కూర్చోగానే దవడ బిగించేశాడు. డాక్టరు బతిమాలాడు, అద్దం చూపించాడు, మత్తిస్తే ఏమీ తెలియదన్నాడు. ఇన్‌స్పెక్టరు చివరికి పళ్ల సందులోంచి, "ముందు ఇది చెప్పండి. బోర్డు మీద ఆ తలుపు వెనక ఎవరున్నారు?" అన్నాడు.

పంటిలో నరం తప్ప ఎవరూ ఉండరని చెప్పడం డాక్టరు ధర్మం. కాని చేతిలో సూది ఉంది, బయట నలుగురు దవడలు పట్టుకుని ఎదురుచూస్తున్నారు.

"ఓ పెద్దాయన ఉంటాడు," అన్నాడు.

"ఏం చేస్తుంటాడు?"

"దీపం తుడుచుకుంటుంటాడు. మీ పంటికి కన్నం పడి లోపలికి నీళ్లు దిగాయి. వత్తి తడిసింది. చిరాకొచ్చి గోడలు గుద్దుతున్నాడు. మీకు సలుపు అదే. నోరు తెరిస్తే నేను వెళ్లి నీళ్లు తోడేసి, కన్నం పూడ్చి వస్తాను."

"ఆయన్ని ఖాళీ చేయించరుగా?"

"ఇల్లు ఆయనది. నేను తాపీమేస్త్రీని మాత్రమే."

ఇన్‌స్పెక్టరు నోరు తెరిచాడు.

అదే సమయంలో టీ కోసం కిందికి దిగుతున్న ఆమె, తలుపు సందులోంచి ఈ మాటలు విని మెట్టు మీద కూర్చుండిపోయింది. ఐదేళ్లుగా రోజూ వింటున్న గొంతే. మాటలు మాత్రం ఎప్పుడూ విననివి. ఇంట్లో పన్నంటే పన్నే, ఉప్పంటే ఉప్పే అనే మనిషి. ఆమె టీ సంగతి మర్చిపోయి, చప్పుడు చెయ్యకుండా పైకి వెళ్లింది. సాయంత్రానికల్లా పంటిలో మఠం వేసుకుని, చొక్కా అంచుతో దీపపు చిమ్నీ తుడుచుకుంటున్న పెద్దాయన కేన్వాసు మీదికి వచ్చేశాడు.

ఇన్‌స్పెక్టరు ఊరంతా చెప్పుకున్నాడు. భయస్థులంతా ఆ ఆసుపత్రికే రావడం మొదలుపెట్టారు. ప్రతివాళ్లూ లోపల ఎవరున్నారని అడిగేవారే. డాక్టరు ఒకరికి చెప్పింది ఇంకొకరికి చెప్పేవాడు కాదు. జ్ఞానదంతం పొడుచుకొస్తున్న లాయరుకి, ఇల్లు నిండిపోయాక పెట్టేబేడాతో దిగిన చుట్టం కథ చెప్పాడు. చిగుళ్లు వాచిన సంగీతం టీచరుకి, ప్రహరీగోడ కోసం కొట్టుకుంటున్న తోడికోడళ్ల కథ. ఆమె రోజూ పొద్దున్నే మెట్టు మీద కూర్చుని వినేది. విన్నది విన్నట్టు వేసేది కాదు. చుట్టం తెచ్చిన పెట్టెలో సముద్రం ఉండేది, తోడికోడళ్లకి తలల బదులు గంటలు ఉండేవి. ఆయనకి తెలియదు. అత్తగారికి తెలుసు. ఓ రోజు ఆవిడే మెట్టు మీద వేసుకోమని దిండు ఇచ్చింది.

ఆ బొమ్మలతోనే ఆమెకి పేరొచ్చింది. మొదట ఒక చిన్న ప్రదర్శన, తర్వాత పెద్దవి, తర్వాత దేశాలు దాటినవి. ఒక ప్రదర్శనకి 'పన్ను' అని పేరు పెడితే, ఏదో వెటకారం చేస్తున్నారనుకుని పన్నుల శాఖ వాళ్లు ఇద్దరు వచ్చి, ప్రతి బొమ్మనీ వెనక్కి తిప్పి చూసి వెళ్లారు. క్రమంగా వీధిలో పళ్ల డాక్టరుగారి భార్య కాస్తా ఆర్టిస్టుగారయింది, ఆయన ఆర్టిస్టుగారి భర్త అయ్యాడు. ఆయన దానికేమీ బాధపడలేదు. అడిగినవాళ్లకి, "ఆవిడకి మంచి పళ్లున్నాయి, అది చాలు," అనేవాడు.

ఒక విమర్శకుడు వచ్చి మీ ఊహలు ఎక్కడినుంచి వస్తాయని అడిగాడు. "మెట్ల మీదినుంచి," అని ఆమె నిజమే చెప్పింది. ఆయన పెద్ద వ్యాసం రాశాడు. డాక్టరు దాన్ని భోజనాల దగ్గర పైకి చదివాడు.

"'ఈమె చిత్రాల్లో మెట్లు చేతనకీ అచేతనకీ నడుమ వంతెన.' చూశావామ్మా? ఆ వంతెనకి మూడో మెట్టు ఊగుతోంది. వడ్రంగిని పిలవాలి."

అత్తగారు నవ్వు పట్టలేక పళ్లు తీసి పక్కన పెట్టుకుంది. ఆమె మాత్రం తలెత్తకుండా అన్నం కలుపుకుంది.

పేపర్లో అచ్చయ్యే బొమ్మలు అరచేతిలో సగం ఉండి, మసిపూసినట్టు కనిపించేవి. తుమ్ముల భయానికి ఆయన పై గదిలోకి వెళ్లేవాడు కాదు. అలా ఏళ్లు గడిచిపోయాయి.

ఆమె జీవితమంతా వేసిన బొమ్మలన్నిటినీ ఒకచోట చేర్చి చూపించాలని పెద్ద మ్యూజియం వాళ్లు అనుకున్నారు. దాని అధికారిణి టేపు పట్టుకుని వచ్చి, ఆసుపత్రి ముందు నిచ్చెన వేయించి, బోర్డుని కొలవడం మొదలుపెట్టింది. డాక్టరు గ్లవ్స్‌తోనే బయటికి వచ్చాడు.

"ఇది మాకు కావాలి సార్. అమూల్యమైన కళాఖండం."

"ఇది బోర్డమ్మా. కింద వేళలున్నాయి చూడండి."

"వేళలు కూడా కళలో భాగమే సార్."

"అయితే పొద్దున తొమ్మిదికి అక్కడికే వచ్చి పళ్లు పీకమంటారా?"

మూడు రోజులు నడిచింది బేరం. కొత్త బోర్డు రాయించేదాకా ఉండనిద్దామనుకున్న దాన్ని ఇప్పుడు వదలనని ఎందుకు భీష్మించుకున్నాడో ఆయనకే తెలియదు. చివరికి తన చేతుల్తో తనే తగిలిస్తానని, నెల తర్వాత తనే విప్పుకుంటానని షరతు పెట్టి ఒప్పుకున్నాడు.

అలా ఆదివారం నాడు సుత్తి, మేకులు పట్టుకుని మొదటిసారి భార్య ప్రదర్శనకి వెళ్లాడు. బోర్డు తగిలించి, వంకర లేకుండా చూసుకుని వెనక్కి తిరిగాడు. ఎదురు గోడ మీద పెద్దాయన దీపం తుడుచుకుంటున్నాడు. పక్కన చుట్టం పెట్టె దించుతున్నాడు. ఆ పక్కన తోడికోడళ్లు. గదులు దాటేకొద్దీ తను కుర్చీ పక్కన నిలబడి ఎవరెవరితోనో అన్న మాటలే, మనిషెత్తున, రంగుల్లో. చివరి గది చేరేసరికి ఆయన చెవులు ఎర్రబడిపోయాయి.

ఆమె బెంచీ మీద కూర్చుని ఉంది. వెళ్లి పక్కన కూర్చున్నాడు.

"ఇవి నేను చెప్పినవి."

"అవును. మెట్టు మీద కూర్చుని విన్నాను."

"ఎన్నాళ్లు?"

"ఇన్‌స్పెక్టరుగారి పన్ను దగ్గర్నుంచీ."

"అడిగి ఉండొచ్చుగా."

"అడిగితే చెప్పేవారా?"

ఆయన ఆలోచించాడు. "చెప్పేవాణ్ణి కాదు," అని ఒప్పుకున్నాడు. "ఆ చుట్టం పెట్టెలో సముద్రం ఎందుకుంది? నేను అనలేదే."

"అది నాది."

సోమవారం నుంచి ఆసుపత్రిలో మాట లేదు. తలుపు వెనక ఎవరో ఉన్నారనే ధ్యాసతో డాక్టరుకి నోట్లోంచి "ఉమ్మండి", "పుక్కిలించండి" తప్ప ఏమీ రాలేదు. రిటైరయి మీసం తెల్లబడ్డ ఇన్‌స్పెక్టరు కుర్చీలోంచి లేస్తూ, "పెద్దాయన ఊళ్లో లేడా ఇవాళ?" అని మెల్లిగా అడిగి వెళ్లాడు. భర్తకి ఇబ్బందిగా ఉందని తెలిసి ఆమె మెట్లు దిగడం మానేసింది. పైన ఖాళీ కేన్వాసు ముందు కూర్చుని, ఏమీ తోచక బల్ల మీదున్న ఆపిల్ని వేసింది. అత్తగారు వచ్చి చూసి కంగారుపడింది.

"ఆపిలు ఆపిల్లాగే ఉందేమిటే అమ్మాయ్? ఒంట్లో బాలేదా?"

మర్నాడు పొద్దున్నే ఆవిడ తిన్నగా కిందికి దిగి, పేషెంట్లందర్నీ దాటుకుని వెళ్లి కుర్చీలో కూర్చుంది. కింది పళ్లసెట్టు ఒకచోట ఒరుసుకుంటోందంది. డాక్టరు చూపించమన్నాడు. ఆవిడ నోరు తెరవలేదు.

"ముందు లోపల ఎవరున్నారో చెప్పు."

"అమ్మా, ఇవి నేను చేసిన పళ్లు. లోపల ఎవరూ లేరు."

"చేసినవాడివి, కన్నతల్లి కోసం ఒక్కణ్ణయినా పెట్టలేకపోయావా?"

డాక్టరు ఆపుకుందామనుకున్నాడు గాని నవ్వు వచ్చేసింది. వెనక తలుపు వైపు చూశాడు. అత్తగారి గొంతు విని దిగి వచ్చిన ఆమె, చేతిలో కాగితాలతో మెట్ల మీద నిలబడి ఉంది.

"అక్కడ నిలబడితే సగమే వినిపిస్తుంది. స్టూలు తెచ్చుకో," అన్నాడు.

ఆమె స్టూలు తెచ్చుకుని మందుల బీరువా పక్కన కూర్చుంది. తల్లి తీసిచ్చిన కింది పళ్లసెట్టుని ఆయన వెలుతురులో తిప్పి చూసి, ఒరుసుకునే చోట ఆకురాయితో మెల్లిగా రాయడం మొదలుపెట్టాడు.

"ఇందులో అందరూ అద్దెకున్నవాళ్లే అమ్మా. పగలంతా నీ దగ్గర చాకిరీ. నువ్వు పడుకోగానే గ్లాసులోకి ఈతకి పోతారు. వాళ్లలో ఒకడికి ఈత రాదు. గట్టు పట్టుకుని వేలాడుతుంటాడు. ఒరుసుకుపోయింది వాడే."

పెన్సిలు చప్పుడు వినిపిస్తోంది. ఆకురాయి పని అయ్యాక ఆయన వంగి కాగితం వైపు చూశాడు.

"టోపీలెందుకు పెట్టావు వాళ్లకి?"

"ఈతకి వెళ్లేవాళ్లు పెట్టుకుంటారు."

"నావాళ్లు పెట్టుకోరు."

"బొమ్మ నాది."

"కథ నాది."

అత్తగారు సగం బోసినోటితో ఏదో గట్టిగా అంది. ఇద్దరికీ అర్థం కాలేదు. ఆవిడ చెయ్యి చాపి పళ్లసెట్టు చూపించింది. డాక్టరు దాన్ని కడగడానికి లేచాడు.