ఇద్దరు పట్టే తలుపు

ఎన్నికల తేదీ చెప్పిన మర్నాడు దీవెన వాళ్ల ఇంటి తలుపులు ప్రచారానికి వెళ్లిపోతాయి. వీధి తలుపు ముందు నడుస్తుంది, పెరటి తలుపు దాని వెనక. అవి ఉన్నచోట ఇప్పుడు సున్నం వేసిన గోడ ఉంది. మిరపకాయల కోతకు బయలుదేరిన అమ్మ అప్పటికే వీధిలో ఉంది కాబట్టి బయటే ఉండిపోతుంది. దీవెన లోపల ఉండిపోతుంది.

"కొత్త ఓటున్న ఇళ్లకి ఇట్టానే అవుద్ది," అంటుంది అమ్మ, కిటికీ ఊచల్లోంచి దోసె చుట్టి అందిస్తూ. "కుసుమోళ్ల అన్నకి ఓటొచ్చినప్పుడు వాళ్ల గేదె కూడా పోయింది. తిరిగొచ్చినాక పాలు మానేసి ఉపన్యాసాలు మొదలుపెట్టింది."

"మరి నేను బయటికి రావడం ఎట్టా?"

"గెలిచినోళ్లు తలుపు పెడతారు. ఐదేళ్లూ అదే తలుపు. చూసి ఎయ్యి."

దీవెనకు పద్దెనిమిదేళ్లు. చూసే వేయాలని ఆమెకూ ఉంది. ఆమెకు కావలసింది ఒక్కటే. ఆ తలుపులోంచి తనూ ఎదురింటి కుసుమా కలిసి నడిచి వెళ్లగలగాలి. స్నేహితురాళ్లలా కాదు, అలా అయితే ఏ తలుపులోనైనా పడతారు. ఒకే ఇంట్లో కాపురం ఉండబోయే ఇద్దరిలా.

పోటీ చేస్తున్నవాళ్లు ఈ సంగతి మీద ఏమంటున్నారో ఫోన్లో వెతుకుతుంది. "ఇద్దరు ఆడపిల్లలు" అని రాస్తుండగానే వీధిలో ప్రచారం ఆటో మైకు ఆ మాటలు పైకి చదువుతుంది. "కలిసి బతకాలంటే" అని రాస్తే అదీ చదివి, చివర అమ్మలారా అయ్యలారా అని కలుపుతుంది. దీవెన గబగబా చెరిపేస్తుంది. మైకు ఒక్కో అక్షరాన్నీ వెనక్కి మింగి, దగ్గి, మురుగు కాలవల సంగతి ఎత్తుకుంటుంది.

కుసుమ కిటికీ దగ్గరకు వస్తుంది. ఆమె ఓణీ నిండా మిరప ఘాటు.

"ఫోనెందుకు, వాళ్లనే అడుగు."

"అడిగితే మన గురించేనని తెలిసిపోద్ది."

"పక్కూరోళ్ల గురించని చెప్పు."

"పక్కూరోళ్ల గురించి పక్కూళ్లోనే అడుగుతారుగా."

"వాళ్లు మన గురించి అడుగుతుంటారులే. వాళ్లకి మనమేగా పక్కూరోళ్లం."

పోయినసారి గెలిచిన చెంచయ్య టేకు తలుపును మనుషుల చేత మోయించుకుంటూ వస్తాడు. తలుపుకు ఇత్తడి గంటలు. వెనక ఊరంతా ఉంది. దీవెన ఊచలు పట్టుకుని, ఉన్న గొంతంతా కూడదీసుకుంటుంది.

"పక్కూళ్లో ఇద్దరు ఆడపిల్లలు పెళ్లి చేసుకుని కలిసి ఉంటామంటే, మీరు వాళ్ల పక్కన నిలబడతారా అండీ?"

"అట్టాంటోళ్లు మన నియోజకవర్గంలో లేరమ్మా," అని నవ్వుతాడు చెంచయ్య. "ఉంటే నిలబడనా?"

లేరు అన్న మాట పూర్తవగానే దీవెన కాళ్లు మోకాళ్ల దాకా లేకుండా పోతాయి. బయట కుసుమవి కూడా. ఇద్దరూ ఎప్పటి ఎత్తులోనే నిలబడి ఉన్నారు. అమ్మ కుసుమ పరికిణీ కింద చూస్తుంది, తర్వాత కిటికీలోంచి లోపలికి చూస్తుంది.

"మొన్ననే కొత్త చెప్పులు కొన్నానే నీకు," అంటుంది.

రెండో అభ్యర్థి సామ్రాజ్యమ్మ ఒక్కతే వస్తుంది, చంకలో చుట్టిన ఫ్లెక్సీతో. విప్పితే దాని మీద అచ్చేసిన తలుపు బొమ్మ ఉంది. ఇద్దరు చేయీ చేయీ పట్టుకుని దాటేంత వెడల్పు. దీవెన మళ్లీ పక్కూరి మాట ఎత్తబోతుంది.

"మీ కాళ్లు చూశాలే తల్లీ," అంటుంది సామ్రాజ్యమ్మ పెదవులు కదపకుండా. "మీరున్నారని నాకు తెలుసు. మీ పక్కనే ఉంటా. పైకి మాత్రం అనను. అంటే ఓడిపోతా. ఓడిపోతే మీ పక్కన ఎట్టా ఉంటా?"

"మరి దీనికి గడియేది?"

"గెలిచినాక."

పోలింగు నాడు ఆఫీసర్లు ఓటు మిషన్ని కాగితంలా మడిచి ఊచల్లోంచి లోపలికి ఇస్తారు. దీవెన చూపుడువేలికి సిరా పెడతారు. టేకు తలుపు తెరుచుకుంటుంది కానీ ఇద్దరు పట్టరు. ఫ్లెక్సీలో ఇద్దరు పడతారు కానీ అది తెరుచుకోదు. దీవెన వేలు ఎత్తి చాలాసేపు నిలబడుతుంది. చివరికి, ఉన్నారు అన్నావిడకే వేస్తుంది.

ఆ ఒక్క ఓటుతోనే సామ్రాజ్యమ్మ గెలుస్తుంది. ఫ్లెక్సీ వచ్చి గోడకు అంటుకుంటుంది. దీవెన రెండు చేతులతో తోస్తుంది. చేతికి గోడే తగులుతుంది.

వేలి మీది సిరా మాత్రం ఆరదు. గీతలా సాగి, కిటికీ దాటి, వీధి మీదుగా పోయి, కుసుమ వేలి సిరాను అందుకుని దండెంలా బిగుసుకుంటుంది. జనం అలవాటున్నట్టే దాని కింద తల వంచుకుని నడుస్తున్నారు. సాయంత్రానికి పాత తలుపులు తిరిగొస్తాయి, చెమటకు తడిసి, గొంతులు పోయి. అమ్మ వాటిని గట్టిగా పిండి ఆ గీత మీద ఆరేస్తుంది.

ఆరేసిన వీధి తలుపును అవతలి నుంచి ఎవరో తడతారు.

"ఎవరది?" అంటుంది అమ్మ.

వీధి నిండా జనం ఉన్నారు. ఆటో మైకు కూడా ఆగి వింటోంది. దీవెన ఊచలకు నోరు ఆనిస్తుంది.

"మేమేనమ్మా," అంటుంది. "మన ఊరోళ్లమే."

అమ్మ గడియ తీస్తుంది. గాలిలో వేలాడే తలుపు వెనక, ఆరోజు పోయిన నాలుగు కాళ్లు, మోకాళ్ల దాకా, నల్లరేగడి బురదతో నిలబడి ఉన్నాయి. లోపల దీవెన ఊచలు వదలలేదు. అమ్మ అరుగు మీది కొత్త చెప్పుల జత తెచ్చి, నేల మీద చతికిలబడి, ఒకటి దీవెన కాలికి, ఒకటి కుసుమ కాలికి తొడుగుతోంది.