డేగకు పెట్టిన గాలి

గురువారం వచ్చిందంటే నేను గోడ తుడుస్తాను. ఊళ్లో ఆడవాళ్లందరూ నేల బండలు తుడుస్తారు, నాకు గోడ అదనం. పడకగదిలో పడమటి గోడకు కింది నుంచి నా భుజం ఎత్తుదాకా నల్లగా బూజు పడుతుంది. బకెట్లో బ్లీచింగ్ కలుపుకొని, ముక్కుకు కొంగు చుట్టుకొని, పాత బనీను గుడ్డతో రుద్దుతాను. బుధవారానికల్లా మళ్లీ వచ్చి కూర్చుంటుంది. గురువారమే ఎందుకంటే, శుక్రవారం మా ఆయన మధుకర్‌కు సెలవు. దోహాలో అన్నం తిని పరుపు మీద వాలి, కోరుట్లలోని తన ఇంటిని వీడియో కాల్‌లో తనిఖీ చేస్తాడు. నేను ఫోన్ పట్టుకొని గది గదీ తిప్పాలి. ఇల్లు చూపియ్యి అంటాడు. రేణుకా, నువ్వెట్లున్నవ్ అని అడిగిన శుక్రవారం నాకు గుర్తు లేదు.

నాలుగేళ్ల కింద ఈ ఇల్లు కూడా ఆయన ఫోన్లోంచే కట్టాడు. మేస్త్రీ శంకరయ్య పాత అలవాటు కొద్దీ కిటికీల పైన గాలికి రంధ్రాలు వదిలితే, అక్కడి నుంచే తిట్టి వాటిని ఇటుకలతో పూడిపించాడు. దోహా ఇళ్లకు బొక్కలుండవట. ఏసీ చల్లదనం బయటికి పోతుందట. గాలికి తొవ్వ లేకుంటే చెమ్మ పడుతుందని శంకరయ్య అంటే, నాకంటే నీకెక్కువ తెలుసా అన్నాడు. నిజమే, ఆయన పనే అది. పెద్దవాళ్ల బంగళాల్లో గాలి గొట్టాలు బిగిస్తాడు. ఇంతకీ ఏ ఏసీ కోసం ఇల్లంతా డబ్బా మాదిరి మూసేశాడో, అది రెండేళ్లకోసారి ఆయన సెలవు మీద వచ్చినప్పుడే తిరుగుతుంది. మిగతా రోజుల్లో కరెంటు బిల్లు వస్తుందని మా అత్త బాలవ్వ రిమోట్‌ను బీరువాలో పెట్టి తాళం వేస్తుంది.

మరి చెమ్మ ఎక్కడిది? నేను బీడీలు చేస్తాను. తునికాకు తడిపి, తడిబట్టలో చుట్టి పెట్టుకోవాలి, లేకపోతే ఆకు విరిగిపోతుంది. పెళ్లయిన కొత్తలో వాకిట్లో పక్కింటి వాళ్లతో కూర్చొని, నవ్వుకుంటూ చేసేదాన్ని. గ్రానైటు మెట్లు వేయించాక అది ఆయనకు నామోషీ అయింది. ఖతర్‌లో ఉన్నోని పెండ్లాం వాకిట్ల బీడీల చాట పట్టుకొని కూర్చుంటదా అన్నాడు. బీడీలు మానమనలేదు సుమా, కనబడకుండా చేయమన్నాడు. అట్లా తడి ఆకు పడకగదిలోకి వచ్చింది. దాని వెనకే నా బట్టలు వచ్చాయి. ఆడవాళ్ల లోబట్టలు మిద్దె మీద ఆరేస్తే నలుగురూ చూస్తారని మా అత్త గదిలోనే తాడు కట్టించింది. వీళ్లు దాచమన్నవన్నీ నేను దాచాను. ఆ తడంతా గోడకెక్కింది.

దానికి కారణం మాత్రం నా బద్ధకమని తేల్చారు. మట్టిగోడలున్నప్పుడు సుత తనకు బూజు తెలియదని, చేతుల్లో సత్తువ లేనోళ్ల ఇంట్లనే అది పడతదని అత్త వచ్చిన చుట్టానికల్లా చెప్పింది. ఆయన ఫోన్లో గోడను చూస్తూ, పొద్దంత ఇంట్ల ఉండి ఏం చేస్తున్నవే అంటాడు. నేను కూడా కొన్నాళ్లు నమ్మాను. ఇంకా గట్టిగా రుద్దితే పోతుందేమోనని రుద్ది రుద్ది వేళ్ల తోలు ఊడగొట్టుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే వాళ్ల మీద కంటే నా మీదే ఎక్కువ కోపం వస్తుంది.

గోడలో నేను తుడవని చోటు ఒక్కటే. ఆయన ఫోటో వెనక. మూడడుగుల ఫోటో, ఎవరిదో కోటు వేసుకొని సముద్రం ఒడ్డున మేడల ముందు దిగింది. పరాయి దేశం మీద ఉన్న మొగని ఫోటో దించుడు మంచిది కాదని మా అత్త పట్టింపు. ఒకసారి ఓ మూల పట్టి కొంచెం జరిపి చూశాను. వెనకంతా మసిగుడ్డ పరిచినట్టుంది. ఆ ఫోటో కిందే నేనూ నా బిడ్డ మనీషా పడుకుంటాం.

మనీషాకు తొమ్మిదేళ్లు. ఈ వానాకాలం నుంచి దానికి ఆయాసం పట్టుకుంది. మెట్లెక్కితే పిల్లికూతలు, తెల్లారి లేస్తే దగ్గు. బడిలో ఆటల గంటకు దాన్ని కూర్చోబెడుతున్నారు. జగిత్యాల తీసుకుపోతే డాక్టరమ్మ మందులు రాసి, పిల్ల ఏ గదిలో పడుకుంటుంది, గోడకు బూజుందా అని అడిగింది. నాలుగేళ్లలో ఆ గోడ సంగతి నన్ను తిట్టకుండా అడిగిన మొదటి మనిషి ఆమె. ఆ గాలి మారకపోతే మందులతో ఆగదు అంది. ఆ మాటే ఆయనకు చెబితే, డాక్టర్లు గట్లనే అంటరు, నువ్వు సక్కగ తుడువు అన్నాడు.

ఆ మరుసటి శుక్రవారమే ఒక వీడియో పంపాడు. వాళ్ల సేఠ్ బంగళాలో తాను బిగించిన కొత్త యంత్రం. లోపలి పాచిగాలి ఒక గొట్టంలో బయటికి పోతుంది, బయటి మంచిగాలి ఇంకో గొట్టంలో లోపలికి వస్తుంది. పెట్టెలో రెండూ పక్కపక్కనే పోతాయి కానీ కలవవు. పోయే గాలి తన చల్లదనాన్ని వచ్చే గాలికి ఇచ్చి పోతుంది. కొత్తగా చేరిన పనివాడికి మా ఆయన ఎంత ఓపికగా చెబుతున్నాడో! గొట్టం బయటికి వాలుగా ఉండాలి, లేకపోతే నీళ్లు లోపలికొస్తాయి, బాత్‌రూమ్ గొట్టం దగ్గర గాలి తీసుకోవద్దు అంటున్నాడు. నాతో అంత సేపు ఎన్నడూ మాట్లాడలేదు. వీడియో చివర్లో ఆ గది ఎవరిదో చూపించాడు. కర్రమీద, కళ్లకు తోలుటోపీ పెట్టుకొని, ఒక డేగ.

"చెమ్మగాలి పడితే దానికి ఊపిరితిత్తులల్ల బూజు పడతదట. శానా నాజూకు పిట్ట," అన్నాడు తర్వాత కాల్‌లో.

"గసొంటిది మనీషా గదిల పెట్టరాదు?" అన్నాను.

ఆయన నవ్వాడు. "గవి మనకెందుకే. గవి పెద్దోళ్లకు."

నేనూ నవ్వాను. ఈ మనిషి తనిఖీకి భయపడి నాలుగేళ్లు గోడ రుద్దానా అని నవ్వొచ్చింది. బూజంటే ఏమిటో, ఎందుకొస్తుందో, ఎట్లా పోతుందో అంతా ఈయనకు తెలుసు. తెలిసే నా చేతికి గుడ్డ ఇచ్చాడు.

మర్నాడు పొద్దున్నే ఏసీ మెకానిక్ వినోద్‌ను పిలిచాను. గదికి సరిపడే చిన్న యంత్రం, గోడకు ఒకే రంధ్రం చాలేది, ఫోన్లో వెతికి చూపించాను. లోపల పోయే గాలి చల్లదనాన్ని పట్టి ఉంచే పింగాణీ గడ్డ ఉంటుంది, యంత్రం కాసేపు బయటికి ఊదుతుంది, కాసేపు లోపలికి పీలుస్తుంది. నా బీడీల పైసలతో హైదరాబాద్ నుంచి తెప్పించాడు. వచ్చేదాకా ఆ గురువారం, తర్వాతి గురువారం నేను గుడ్డ ముట్టలేదు. శుక్రవారాలు ఆయన తిట్టాడు, నేను విన్నాను.

యంత్రం వచ్చిన శనివారం వినోద్ గోడ కొలిచి ఆగిపోయాడు. బాత్‌రూమ్ గొట్టానికి దూరంగా, ఎత్తులో, బయట ఏ అడ్డమూ లేని జాగా ఒక్కటే ఉంది. అక్కడ ఫోటో ఉంది. మా అత్త గుమ్మంలో నిలబడింది. "దించకు పిల్లా, అరిష్టం," అంది. పక్క గదిలోంచి మనీషా దగ్గు వినబడింది. నేను స్టూలు ఎక్కి ఫోటో దించి, బూజు పట్టిన వీపు ఆమెకు కనబడేట్టు నిలబెట్టాను. ఆమె ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకొని గుమ్మంలోంచి జరిగింది. గొట్టం బయటికి వాలుగా పెట్టమంటే, ఎవలు నేర్పిండ్రక్కా అని వినోద్ ఆశ్చర్యపోయాడు. మా ఆయనే, ఇంకెవలికో చెప్తుంటే విన్న అన్నాను. అదే రోజు తునికాకు వాకిట్లోకి, బట్టలు మిద్దె మీదికి పోయాయి. గోడ చివరిసారి తుడిచాను.

ఆరు రోజుల్లో గోడ పూర్తిగా ఆరిపోయిందని చెప్పను, అబద్ధమెందుకు. గదిలో ఆ వాసన మాత్రం పోయింది. శుక్రవారం పొద్దున మనీషా దగ్గకుండా లేచింది.

మధ్యాహ్నం ఫోన్ మోగింది. ఇల్లు చూపియ్యి అన్నాడు. నేరుగా పడకగదిలోకి తీసుకుపోయి ఆ గోడ ముందు నిలబెట్టాను. ఆయన ఫోన్‌ను మొహానికి దగ్గరగా తెచ్చుకున్నాడు. మనీషా ఎట్లున్నదని అడుగుతాడేమోనని ఎదురుచూశాను.

"నా ఫోటో ఏది?" అన్నాడు.

"మంచం కింద ఉన్నది," అన్నాను. "నీ జాగల గాలి వస్తున్నది."