మొదటి ముద్ద

తెల్లవారేసరికి ఆకాశమంతా మబ్బు కమ్మింది. గాలి లేదు, చినుకూ లేదు. పొగగొట్టంలోంచి వచ్చిన పొగ పైకి పోలేక సైనికుల మెస్సు కప్పు మీదే పడుకుంది.

వంటాయన ఉల్లిపాయల బస్తా పక్కకు జరిపి, వెనక నక్కిన ఎలుకను పొయ్యి ఊచతో ఒక్క పోటు పొడిచాడు. తోక పట్టుకుని తీసుకెళ్లి వెనక మురుగు కాలవలో పడేశాడు. ఆ కాలవ పారడం మానేసి చాలా కాలమైంది. పైన జిడ్డు మీగడలా పేరుకుంది. దాని ఒడ్డునే కుళాయి. కూరగాయలు కడిగేదీ, అంట్లు తోమేదీ దాని కిందే. ఇంకో కుళాయి పెట్టించమని ఆయన అడిగి అడిగి నోరు నొప్పి పుట్టి ఊరుకున్నాడు.

పొట్టి మనిషి. మోచేతుల దాకా వెంట్రుక మొలవదు, ఆవిరి కాల్చేసింది. సిపాయిలంతా బాబాయ్ అని పిలుస్తారు. అసలు పేరు జీతాల గుమాస్తాకి తప్ప ఎవరికీ పట్టదు. ఇంటికెళ్తే గరిటె ముట్టడు. "వంటవాణ్ణి కట్టుకున్నాను, పొయ్యి ముందు కూర్చునే రాత మాత్రం తప్పలేదు" అని ఇంటావిడ నవ్వుతుంది.

ఆ మెస్సులో ఒక కట్టుబాటుంది. సిపాయిలు పళ్లేలతో వరసలో నిలబడ్డాక, అందరి ఎదుటా వంటాయన మొదటి ముద్ద తినాలి. ఆయన మింగాకే వడ్డన. ఆ మింగుడు చూసి వాళ్లు నమ్ముతారు. ఆయన ఏనాడూ జబ్బుపడి పడుకున్నది లేదు మరి. ఏళ్ల తరబడి పురుగు పట్టిన గింజలూ కంపు మాంసమూ తిని తిని ఆయన పేగులు తోలైపోయాయి. ఆ సంగతి వాళ్లకు తట్టలేదు. మాడుగాడు పోయేదాకా ఆయనకూ తట్టలేదు.

గిన్నె అడుగు గీరి మాడు పెట్టమని రోజూ పళ్లెం చాపే సిపాయి మాడుగాడు. పోయిన వారం అందరితో పాటు కూర తిన్నాడు. రాత్రంతా కక్కి, నెత్తురు విరేచనాలతో పక్క తడిపి, పొద్దున్నకు కట్టెలా బిగుసుకుపోయాడు. అదే కూర మొదట తిన్న బాబాయ్‌కి ఒక్క త్రేనుపు కూడా రాలేదు.

ఈ పొద్దు స్టోరు సార్జంటు మళ్లీ మాంసం తెచ్చాడు. పెట్టె మూత తీస్తే కంపు మొహం మీద గుద్దినట్టు కొట్టింది. అంచులు పచ్చబడ్డాయి. వేలు పెడితే జిగురు సాగింది.

"ఇది వండేది కాదు సార్, పూడ్చేది."

"ఉప్పూ కారం దట్టించి మరిగించు. నీకు కొత్తా?"

"పోయిన వారమూ అదే చేశాను. మాడుగాడు పోయాడు."

"వాడు కాలవ నీళ్లు తాగి పోయాడు. వేరే మాంసం కావాలంటే నీ తొడ కోసి వెయ్యి."

బాబాయ్ పెట్టె దగ్గరికి లాక్కున్నాడు. కత్తి తీశాడు. చేతులు అలవాటు ప్రకారం నరికాయి, కడిగాయి, పొయ్యి మీదికెక్కించాయి.

మధ్యాహ్నం వరస కట్టారు. చెమటా మట్టీ కలిసి అందరి మొహాలూ ఒకేలా ఉన్నాయి. మాడుగాడు నిలబడే చోట ఇంకొకడు నిలబడ్డాడు. వరసలో ఖాళీ లేదు.

"తొందరగా మింగు బాబాయ్," అన్నాడు ముందున్న పొడుగు సిపాయి. "పొద్దుట్నుంచి పరిగెత్తించి చంపారు. కొత్త పెళ్లికూతురిలా నువ్వు నములుతూ కూర్చుంటే మేం ఇక్కడే పోతాం."

వెనక నవ్వారు. బాబాయ్ ముద్ద కలిపి నోటి దాకా తెచ్చాడు. అక్కడే ఆగిపోయాడు. ముద్ద కింద పడేశాడు.

"నేను తినను. మీరూ తినకండిరా. కుళ్లింది. నా పొట్ట చూసి నమ్మకండి, అది తోలు సంచి."

సార్జంటు వచ్చి చెంప మీద కొట్టాడు. జుట్టు పట్టి తల వెనక్కి వంచి, కూర గరిటె నోట్లో కుక్కాడు. పెదవి చిట్లింది, ముందు పన్ను ఊడింది. బాబాయ్ మింగలేదు. నెత్తురూ కూరా కలిపి సార్జంటు బూట్ల మీద ఉమ్మాడు.

"తినవయ్యా, ఆకలేస్తోంది," అని వెనకనించి ఎవరో అరిచారు.

"పళ్లేలు పట్టండి, నేనే వడ్డిస్తా," అన్నాడు సార్జంటు.

రెండు మూడు పళ్లేలు ముందుకు సాగాయి. బాబాయ్ అది చూశాడు. వట్టి చేతులతో గిన్నె అంచు పట్టి పొయ్యి మీదినుంచి లాగేశాడు. సలసల కాగే కూర నేల మీద పరుచుకుని సార్జంటు పిక్కలు కాల్చింది. వాడు గావుకేక పెట్టి ఇనప తెడ్డు అందుకున్నాడు. మొదటి దెబ్బకు బాబాయ్ భుజం విరిగింది. రెండోది తల మీద పడింది. పడిపోయాక ఇంకోటి కొట్టాడు. సిపాయిలు పళ్లేలు పట్టుకునే నిలబడ్డారు.

ఉన్నట్టుండి ఆ పొడుగు సిపాయి తన పళ్లెం అంచుతో సార్జంటు మొహం చీల్చాడు. ఇక అందరూ మీద పడ్డారు. కూరలో పొర్లించి తన్నారు. వాడి నోట్లో ఆ ముక్కలే కుక్కారు. కాపలావాళ్లు వచ్చి లాక్కుపోయేసరికి వాడికి ఒక కన్ను మూసుకుపోయింది.

బాబాయ్‌ని బస్తాల మీద పడుకోబెట్టారు. చేతులు బొబ్బలెక్కాయి. చెవిలోంచి నెత్తురు కారుతోంది.

"నేల కడిగేయండి," అన్నాడు. "కుక్కలొచ్చి నాకుతాయి. పాపం."

పొడుగాయన బకెట్టు మీద బకెట్టు పోసి నేలంతా కడిగాడు. తిరిగొచ్చేసరికి బాబాయ్‌కి ఊపిరి లేదు. ఎప్పుడు పోయిందో పక్కన కూర్చున్నవాళ్లకే తెలియలేదు.

ఇంటావిడకు కబురు ఎవరు చెప్పాలో సాయంత్రం దాకా తేలలేదు. ఎవరి కాళ్లూ లేవలేదు. పొయ్యి గది మూల పొద్దున ఆయన కలిపిపెట్టిన రొట్టెల పిండి పొంగి, కప్పిన గుడ్డను పైకెత్తి కనబడింది. పొడుగాయన దాన్ని ముద్దలు చేశాడు. ఇంకొకడు పొయ్యి రాజేశాడు. రొట్టెలు వంకరగా వచ్చాయి, కొన్ని మాడాయి. అందరూ నేల మీద కూర్చుని ఉప్పద్దుకుని తిన్నారు.

పిండి తొట్టి ఖాళీగా పడి ఉంది. పొద్దున బాబాయ్ చేతులు రాసుకున్న అంచున పిండి నాలుగు వేళ్ల గీతలుగా ఎండి, తెల్లగా అంటుకుని ఉంది.