అంతా నార్మలే

పొద్దున లేచిన దగ్గర్నుంచీ నన్ను నోట్లో వేసుకుని నములుతూనే ఉంటారు కదా, ఒక్కనాడైనా నువ్వెక్కడి దానివని అడిగారా? నేను ఒక ఇంగ్లీషు విశేషణాన్ని. పేరు నార్మల్. మీ ఊళ్లో నాకు రేషన్ కార్డు ఒక్కటే తక్కువ.

నా మూలం ఇంగ్లండులో లేదు. రోమనుల కాలంలో వడ్రంగులు మూల సరిగ్గా వచ్చిందో లేదో చూసుకునే మూలమట్టం ఉండేది. దాని పేరు నోర్మా. ఆవిడే మా అమ్మ. ఆ మట్టానికి సరిపోయినదానికల్లా నా పేరు. లెక్కల్లో ఒక గీత మీద నిటారుగా నిలబడే గీతను ఇప్పటికీ నా పేరుతోనే పిలుస్తారు. తరవాత 'ఎలా ఉండాలో అలా ఉన్నది' అనే అర్థం వచ్చింది. పంతుళ్లకు పాఠం చెప్పడం నేర్పే బడులకు నన్ను తగిలించారు. దొరల కాలంలో ఆ బడులు ఈ దేశంలోనూ వెలిశాయి, వాటి బోర్డుల మీద నేనూ వెలిశాను. ఆ తరవాత డాక్టర్లు పట్టుకున్నారు. అప్పట్నుంచి 'అందరికీ ఉన్నట్టే ఉన్నది' అయిపోయాను. నిటారుగా నిలబడ్డదాన్ని తీసుకొచ్చి గుంపులో కూర్చోబెట్టారు. చిన్నతనం అనిపించింది, కానీ ఏం చేస్తాను?

తెలుగువాళ్ల నోట్లో పడ్డాక ఇంక చెప్పేదేముంది. కొట్లో నీళ్ల సీసా అడిగితే కూలా, నార్మలా అంటారు. కాన్పు నార్మల్ అంటారు. ఆ నొప్పులు పడ్డ మనిషిని అడిగి చూడండి ఏమంటుందో. పక్కింటాయన తనలో తాను నవ్వుకుంటే 'ఆయన నార్మల్ కాదులే' అంటారు. అన్నిటికీ పలికాను, సర్దుకున్నాను. నాకు బెంగ పెట్టింది ఒక్క అలవాటే. ఆసుపత్రిలో రోగిని బయట కూర్చోబెట్టి ఇంట్లోవాళ్లను లోపలికి పిలుస్తారు. వాళ్లు చెడ్డకబురు విని, మొహం తుడుచుకుని బయటికొచ్చి, "అంతా నార్మలే" అంటారు. ప్రేమతోనే అంటారు, కాదనను. కానీ అలా వాడీ వాడీ, నేను నిజమైన రోజున కూడా నమ్మే దిక్కు లేకుండా చేశారు. గుత్తుల ఏడుకొండలు దగ్గర నాకు అదే గతి పట్టింది.

ఏడుకొండలు రావులపాలెం అరటి మార్కెట్లో గెలల వేలం పాడేవాడు. గొంతే అతనికి కూడు పెట్టేది. ఆ గొంతు బొంగురుపోయింది, ఎంతకీ తగ్గలేదు. లోపల కాయ ఉందన్నారు. రాజమండ్రి ఆసుపత్రిలో ముక్క తీసి పరీక్షకు పంపారు. క్యాన్సరో కాదో చెబుతామన్న రోజున భార్య నూకరత్నంతో కలిసి వెళ్లాడు. నర్సు తలుపు తీసి, "పేషెంటు అక్కడే కూర్చోండి, కూడా వచ్చినవాళ్లు రండి" అంది. అంతే, ఏడుకొండలు మొహంలో నెత్తురు చుక్క లేదు.

కొన్నేళ్ల కిందట అదే ఆసుపత్రిలో అతని అన్నను అలాగే బయట కూర్చోబెట్టారు. లోపలికి వెళ్లొచ్చి, "అంతా నార్మలే అన్నయ్యా" అన్నది ఏడుకొండలే. అన్న ఆ వానాకాలం దాటలేదు.

నూకరత్నం బయటికొచ్చింది. కళ్లు వాచి, ముక్కు ఎర్రబడి ఉన్నాయి. "నార్మలేనంటయ్యా. క్యాన్సరూ లేదు, గీన్సరూ లేదంట. అరిచి అరిచి కాయ కట్టిందంట. కొన్నాళ్లు నోరు మూసుకుని కూర్చోమన్నారు" అంది.

ఆ పూట నేను పదహారణాల నిజాన్ని. ఆమె నోట ప్రాణం పెట్టి పలికాను. అతను చిన్నగా నవ్వాడు. అన్న ఆ రోజు నవ్విన నవ్వే అది. అన్నకు అప్పుడే తెలిసిపోయిందనీ, తమ్ముణ్ణి కష్టపెట్టలేకే నవ్వాడనీ ఏడుకొండలుకు ఇప్పుడు అర్థమైంది. నాకు ఏడుపొచ్చింది.

బస్సెక్కారు. వేమగిరి దాటాక, కిటికీలోంచి బయటికి చూస్తూ బొంగురుగా మొదలుపెట్టాడు. "రత్నం, నేను పోయాక నువ్వు ఆ ఇంట్లో ఒక్కదానివీ ఉండకే. మీ తమ్ముడి దగ్గరికెళ్లిపో. నాకోసం ఏడుస్తా కూర్చోకు."

నూకరత్నానికి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆగలేదు.

"నీకసలు బుర్రుందా? ఇన్నాళ్లూ నాకు ముద్ద దిగితే ఒట్టు. కనపడ్డ దేవుడికల్లా మొక్కాను. డాక్టరుగారు ఆ మాటనగానే అక్కడే కూలబడి ఏడ్చాను, నర్సమ్మ మంచినీళ్లిచ్చింది. బయటికొస్తే నువ్వు చావు కబుర్లు చెబుతున్నావు. మాట్లాడొద్దని ఆయన చెబితే మాట్లాడతావేంటి? ఇంకొక్క ముక్క మాట్లాడావంటే ఇక్కడే దింపేస్తాను."

బస్సంతా వెనక్కి తిరిగి చూసింది. కండక్టరు టిక్కెట్లు కొట్టడం ఆపేశాడు.

ఏడుకొండలు ఆమె మొహంలోకి చూశాడు. జబ్బు సంగతి తెలిసిన దగ్గర్నుంచీ అన్నను ఇంట్లో ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. చుట్ట కాల్చినా అనలేదు, అన్నం కంచం తోసేసినా అనలేదు. పోయేవాణ్ణి ఎవరు తిడతారు? అతని కళ్లల్లోంచి నీళ్లు జారాయి. "నిజంగా నార్మలేనా?" అని చప్పుడు లేకుండా పెదాలతోనే అడిగాడు.

"కాదు, నా తలకాయ" అంది ఆవిడ.

అమ్మయ్య. ఎన్నాళ్లకు ఒక మనిషి నన్ను నమ్మాడు. గుండెల మీంచి బండ దించినట్టయింది నాకు. ఏడుకొండలు తువ్వాలుతో మొహం తుడుచుకుని, సీట్లో వెనక్కి వాలి, 'ఆపకు, ఇంకా తిట్టు' అన్నట్టు చెయ్యి ఊపాడు. గోదావరి వంతెన దాటి రావులపాలెంలో దిగేదాకా ఆవిడ తిడుతూనే ఉంది.