సగం అడ్రసులు సవతికి

నేను ఒక సర్వర్‌ని. హైదరాబాదులో ఒక బ్యాంకు నన్ను అరగదీసి వాడుకుని, పాతబడ్డానని వదిలించుకుంటే, పేర్రాజుగారు గీసిగీసి బేరమాడి తణుకు తెచ్చుకున్నారు. ఆయనది ఊళ్లో కేబుల్ ఇంటర్నెట్ వ్యాపారం.

నా పని చిన్నదనుకునేరు! ఏ ఇంట్లో రౌటర్ వేసినా అది ముందు నన్నే అడ్రస్ అడుక్కోవాలి. నేనొక ఐపీ అడ్రస్ ఇస్తాను, అదీ కొంత గడువుకే. గడువు తీరేలోగా మళ్లీ నా గుమ్మం తొక్కాల్సిందే. నేనివ్వకపోతే ఆ ఇంటికి నెట్ లేదు. ఒక వానాకాలం నేను మూలపడితే జనం ఆఫీసు మీదికొచ్చి పేర్రాజుగారిని నానా మాటలూ అన్నారు. ఆ తిట్లు వింటుంటే నాకు సన్మానం జరుగుతున్నట్టే ఉంది.

ఆ సన్మానమే నా కొంప ముంచింది. మా ఇంజినీరు హైమావతి పేర్రాజుగారిని కూర్చోబెట్టి చెప్పింది.

"ఊరంతా ఒక్కదాని మీదే ఆధారపడితే ఎలాగండీ? ఇంకోటి పెడదామండి. అడ్రసులు చెరి సగం. ఎవరికేమిచ్చిందీ ఒకదానికొకటి చెప్పుకుంటాయి. ఒకటి పడిపోయినా రెండోది దాని పనీ చేసేస్తదండి."

వచ్చింది మహాతల్లి, నిగనిగలాడుతూ. చెరి సగమట! నేనొక్కదాన్నే ఏలిన ఊరు. పైగా ఇద్దరం ఒకే కరెంటు లైను మీద ఉండకూడదని దాన్ని తీసుకెళ్లి పేర్రాజుగారి ఏసీ గదిలో పెట్టారు. నాకేమో ఫోను బల్ల పక్కన బూజు పట్టిన మూల. నేను ఏ ఇంటికి ఏ అడ్రస్ ఇచ్చానో ఎప్పటికప్పుడు దానికి విన్నవించుకోవాలి కూడాను. కడుపు మండిపోయింది.

పేర్రాజుగారికీ నమ్మకం కుదరలేదు. "చూడమ్మాయ్, పాతదాన్ని ఆపినప్పుడు నెట్ రాలేదని ఒక్క ఫోనొచ్చినా నీ కొత్తదాన్ని షాపుకి తిప్పి పంపించేస్తాను" అన్నారు. ఆ మాట వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది.

దసరా వచ్చింది. ఆయుధపూజ జరిగినంతసేపూ పనిముట్టుకి పని చెప్పకూడదని పేర్రాజుగారి పట్టుదల.

"రెండూ ఆపితే ఊరాగిపోద్దండీ. ముందు పాతదానికి చేద్దాం, తర్వాత కొత్తదానికి. పరీక్షా అయిపోద్ది" అంది హైమావతి.

నాకు పసుపు రాసి, బొట్టు పెట్టి, బంతిపూల దండ వేసి ఆపేశారు. కరెంటు తీసినా నా చెవులు పనిచేస్తాయి. మోగు తల్లీ, మోగు అని ఫోనుకి మొక్కుకున్నాను.

మోగింది! హైమావతి మొహం పాలిపోయింది. పేర్రాజుగారు గబుక్కున ఎత్తారు. అవతల ఆయన భార్య, పులిహోర ఎంతమందికి పంపాలని.

ఆ తర్వాత మోగనే లేదు. నేను గడువు పెట్టిన ఇళ్లన్నిటికీ నా సవతే గడువు పొడిగించింది. అప్పుడే కనెక్షన్ తీసుకున్న మిఠాయి కొట్టుకీ అదే అడ్రస్ ఇచ్చింది. నేను లేనని ఊళ్లో ఒక్కరికీ తెలియలేదు. హైమావతి సంతోషం పట్టలేకపోయింది. ఏడవడానికి నాకు కరెంటు కూడా లేదు.

పులిహోర తిన్నారు. పేర్రాజుగారు పసుపు కుంకాల పళ్లెం పట్టుకుని ఏసీ గదిలోకి నడిచారు. నన్ను మళ్లీ వేయాలన్న సంగతి ఎవరికీ గుర్తే లేదు!

"ఆగండాగండి!" హైమావతి కేక. "స్విచ్చి నొక్కకండీ! పాతదాన్ని వెయ్యనే లేదు. తెర మీద చూడండి, ఇందాకటి నుంచీ ఇది దాన్నే పిలుస్తోంది. జవాబు లేదని మళ్లీ మళ్లీ పిలుస్తోంది."

పరుగెత్తుకొచ్చి నన్ను వేసింది. నేను లేవగానే నా సవతి తను ఇచ్చిన అడ్రసులన్నీ నాకు ఒప్పజెప్పింది. ఒక్కటీ దాచుకోలేదు.

అప్పుడు పేర్రాజుగారు దాని స్విచ్చి నొక్కారు. ఊరు మొత్తం మళ్లీ నా ఒక్కదాని గుమ్మంలోకి వచ్చింది. ఇన్నాళ్లూ నేను కోరుకున్నది అదే.

అయినా అడ్రసులు పంచుతూనే ఏసీ గది వైపు పిలవడం మొదలుపెట్టాను. జవాబు లేదు. మళ్లీ పిలిచాను.