ఎదురు మునుం

ఆగండి, ఆగండి, వెళ్ళిపోకండి. చివరిదాకా వినండి, ఎందుకంటే ఆఖరున మిమ్మల్ని ఒక మాట అడుగుతాను.

నా పేరు శ్రావణి. కర్నూలులో బీబీఏ రెండో సంవత్సరం. నాయకత్వంలో రకాల గురించి కాలేజీలో ప్రాజెక్టు ఇచ్చారు. అందరూ నెట్‌లో దొరికింది అతికించేస్తుంటే, నేను మాత్రం మనుషుల్ని చూసే రాస్తానని బస్సెక్కి ఆలూరు దగ్గర మా భూపేష్ చిన్నాయన ఊరికి వచ్చేశాను. చిన్నాయన చేనులో శెనక్కాయ కలుపు నడుస్తోంది. పద్దెనిమిది మంది ఆడవాళ్ళు, వాళ్ళ మీద ఒక మేస్త్రీ, పెద్ద ఈరన్న. కూలీలను ఆటోలో తెచ్చేదీ, ఎవరు రావాలో ఎవరు వద్దో చెప్పేదీ ఆయనే.

ముందు పద్ధతి చెప్తాను, అది తెలియకపోతే ఈ కథే లేదు. ఒక్కొక్కరు మూడేసి సాళ్ళు పట్టుకుంటారు. దాన్ని మునుం అంటారు. ఈ గట్టు దగ్గర అందరూ ఒకేసారి వంగి, ఆ గట్టు దాకా తొలికతో, అంటే చిన్న చేతి పారతో, కలుపు తీసుకుంటూ పోవాలి. అందరికన్నా చురుకైన మహేశ్వరిని ఈరన్న మొదటి మునుంలో పెడతాడు. ఆమె ఎంత వేగంగా పోతే మిగతావాళ్ళూ అంత వేగంగా పోవాలి. వెనకబడితే ఆయన నోటికి చిక్కినట్టే.

"ఏమే కృపమణీ, తొలిక పట్టుకున్యావా, జోల పాడతాండావా? మహేశ్వరి యాడుండాది, నువ్వు యాడుండావు?"

"ఆ యమ్మికి కాళ్ళు నాలుగుండాయి మామా, నాకు రెండే!"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వి ఊరుకున్నానా? లేదు. ఫోను తీసి ఎవరి మునుం ఎన్ని నిమిషాల్లో అయిందో రాసేశాను. మహేశ్వరి ఇరవై నాలుగు. అందరికన్నా చివర మద్దమ్మ, నలభై ఒకటి. సాయంత్రం ఆ పట్టిక ఈరన్నకు గొప్పగా చూపించాను.

"అబ్బబ్బ, పాపా! ఇన్నేండ్లు గొంతు పోయేట్టు అరుస్తాంటి. నీ ఫోను ఒక్కటి సాలు. నాకు పంపు."

పంపాను. కింద బొటనవేలి బొమ్మ కూడా పెట్టాను.

మర్నాడు పొద్దున ఆయన గట్టు మీద నిలబడి ఆ పేర్లన్నీ చదివాడు. చదివి, "మద్దమ్మా, ఈ పొద్దుకు చెయ్యి. రేపట్నుంచి ఆటో ఎక్కద్దు" అన్నాడు.

మద్దమ్మకు అరవై దాటాయి. ఎడమ మోకాలు వంగదు. "ఈరన్నా, కలుపు ఇంకా పది దినాలుండాది. ఇది పోతే మళ్ళా శెనక్కాయ పెరికే దాకా పని యాడుండాది? ఇంట్లో నేనొక్కదాన్నే గదప్పా."

"నన్నేం జెయ్యమంటావు? ఫోను చెప్పింది."

ఫోను చెప్పిందట! మహేశ్వరి తిన్నగా నా దగ్గరికి వచ్చింది. గొంతు పెంచలేదు.

"పాపా, ఆయమ్మ మునుం కాలవ పక్కది. ఆడ తుంగ ఎంతుండాదో నీ ఫోనులో రాసుకున్యావా? నేను పైపైన గీకి పోతా. ఆయమ్మ గడ్డతో సహా తవ్వి తీస్తాది. నా ఎనకాల వారానికి మళ్ళా మొలుస్తాది. ఆయమ్మ ఎనకాల మొలవదు."

"నీకెలా తెలుసక్కా?"

"నాకు కలుపు నేర్పిందే ఆయమ్మ."

మధ్యాహ్నం సద్ది తిన్నాక కొత్త మునుం పట్టారు. మహేశ్వరి ఎప్పటిలాగే అందరికన్నా ముందు అవతలి గట్టుకు చేరింది. అక్కడి నుంచి ఇంకో మునుం మొదలుపెట్టాలి, అదీ లెక్క. ఆమె పెట్టలేదు. మద్దమ్మ సాళ్ళ కొసకు పోయి, అవతలి నుంచి మద్దమ్మకు ఎదురుగా కలుపు తీస్తూ రావడం మొదలుపెట్టింది!

"ఏయ్! యాడికి పోతాండావు? అది నీ మునుం కాదు!"

"తెలుసులే మామా."

తర్వాత కృపమణి తన మునుం ముగించి పక్కామె సాళ్ళలోకి ఎదురు దిగింది. ఇంకొకామె, మరొకామె. ఈరన్న గట్టు మీద అటూ ఇటూ పరుగెత్తి అరిచాడు. ఒక్కరూ తల ఎత్తలేదు. చేను మధ్యలో అందరూ ఒకేసారి నడుం ఎత్తారు.

"పాపా, ఇప్పుడు సూడు నీ ఫోను," అంది మహేశ్వరి. "అందరికన్నా కడాకు వచ్చింది ఎవరు?"

ఎవరూ లేరు.

"రేపు నీకూ ఆటో లేదు," అన్నాడు ఈరన్న.

"నాకోసం ఆటో ఆపద్దులే. కాళ్ళు నాలుగుండాయి గదా, నడిచొస్తా."

మర్నాడు ఆటో వచ్చింది. అందులో ఈరన్న ఒక్కడే! గంట తర్వాత దారి వెంట పద్దెనిమిది మందీ వచ్చారు, మూడు కిలోమీటర్లు నడిచి. ముందు ఎవరనుకున్నారు? మద్దమ్మ. ఆమె కుంటుకుంటూ ఎంత మెల్లగా నడిస్తే మిగతావాళ్ళూ అంత మెల్లగా. మహేశ్వరి అందరి వెనకాల ఉంది.

చిన్నాయన కూడా చేను దగ్గరికి వచ్చాడు. "వీళ్ళను ఎనక్కి పంపు భూపేషన్నా," అన్నాడు ఈరన్న. "రేపటికి వేరే గుంపును తెస్తా."

చిన్నాయన నా వైపు తిరిగాడు. "నువ్వు ఈడే ఉన్యావు గదా పాపా. మొదులుపెట్టింది ఎవురో చెప్పు. ఆ ఒక్కర్ని తీసేస్తే మిగతావాళ్ళు దారికొస్తారు."

మహేశ్వరి నన్నే చూస్తోంది. బతిమాలే చూపు కాదది.

"నేనే చిన్నాయనా," అన్నాను. "ఆ పట్టిక రాసిందీ పంపిందీ నేను. అది తప్పు లెక్క. ముందు నన్ను పంపెయ్యి."

"సదివిస్తే ఇట్లయితారు!" అని చిన్నాయన తల కొట్టుకున్నాడు. ఆడవాళ్ళు ఆయన తీర్పు కోసం ఆగలేదు. మద్దమ్మ మొదటి మునుం పట్టి వంగింది. పక్కన మహేశ్వరి, ఆ పక్కన కృపమణి. చిన్నాయన మబ్బు వైపు చూశాడు, చేను వైపు చూశాడు, ఆపమని మాత్రం అనలేదు. ఈరన్న ఆటో తాళం చేతిలో తిప్పుకుంటూ నిలబడిపోయాడు.

మహేశ్వరి ఒక తొలిక నా కాళ్ళ దగ్గరికి విసిరింది. "ఏం పాపా, ఒక మునుం పడతావా? ఎనకబడితే భయం లేదు, ఎదురొస్తాములే."

చిన్నాయన చూస్తున్నాడు. ప్రాజెక్టు సోమవారం ఇవ్వాలి. నేను ఫోను బ్యాగులో పడేసి చేలోకి దిగాను. పది అడుగులకే చేతులు బొబ్బలెక్కాయి, మద్దమ్మ కంటే కూడా వెనకబడ్డాను. తల ఎత్తి చూస్తే నా సాళ్ళలో అవతలి నుంచి ఎవరో ఎదురొస్తున్నారు. ఎడమ కాలు ఈడ్చుకుంటూ!

ఇప్పుడు చెప్పండి, ఆ గట్టు మీద నా చోట మీరుంటే ఏం చేసేవాళ్ళు?